గుర్రం పని ఎంత, థెరపిస్టు పని ఎంత

సూరత్ నుంచి హజీరా వైపు వెళ్లే దారిలో ఇచ్ఛాపూర్ తగులుతుంది. వజ్రాలకూ నగల తయారీకీ కేటాయించిన పార్కు అక్కడే ఉంది. ఇంకొంచెం ముందుకు పోతే హజీరాలోని ఉక్కు, ఎరువుల, గ్యాసు కర్మాగారాలు వస్తాయి. పని ఉన్నచోటికి మనవాళ్లు వెళ్తారు కాబట్టి సూరత్‌లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి పవర్‌లూమ్ పనికి వచ్చిన పద్మశాలీలు తరాలుగా అక్కడే స్థిరపడ్డారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతూ వచ్చింది.

అన్ని ఊళ్లలో ఉన్నట్టే ఆ ఇళ్లలోనూ ఎదుగుదల ఆలస్యమైన పిల్లలుంటారు. మెడ నిలవని బిడ్డ, మూడేళ్లు దాటినా మాట రాని బిడ్డ, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడని బిడ్డ. ఇలాంటి తల్లిదండ్రుల ఫోన్లకు బంధువులు వీడియోలు పంపుతుంటారు. వాటిలో ఒక పిల్లవాడు గుర్రం మీద కూర్చుని నవ్వుతుంటాడు. కింద ఒక మాట ఉంటుంది: గుర్రమెక్కిస్తే ఆటిజం తగ్గుతుంది, సెరిబ్రల్ పాల్సీ పిల్లలు నడుస్తారు. గుజరాత్‌లో గుర్రాలకు కొదవ లేదు. పెళ్లికొడుకు గుర్రమెక్కి ఊరేగడం అక్కడ ఇంటింటి ఆచారం. నగర శివార్లలో స్వారీ నేర్పేవాళ్లూ కనబడతారు. ‘మనమూ ఒకసారి ఎక్కించి చూద్దాం’ అని ఆ తల్లిదండ్రులకు అనిపించడం సహజమే. ఎక్కించేముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటిని నిదానంగా చెప్పుకుందాం.

గుర్రం సాయంతో చేసే చికిత్సలో నిజం ఉంది. ఆ నిజం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పేవాళ్లు తక్కువ.

నడుముకు అందే పాఠం

మనం నడిచేటప్పుడు కటి భాగం మూడు రకాలుగా కదులుతుంది. ముందుకూ వెనక్కూ ఒరుగుతుంది, కుడిఎడమలకు దిగుతూ లేస్తూ ఉంటుంది, కొద్దిగా మెలి తిరుగుతుంది. ఇవన్నీ ఒకేసారి, ఒకే లయలో జరుగుతాయి. నిదానంగా నడిచే గుర్రం వీపు కూడా దాదాపు ఇవే మూడు కదలికలను పైన కూర్చున్నవాళ్ల కటికి అందిస్తుంది. సొంత కాళ్ల మీద ఎప్పుడూ నిలబడని పిల్లవాడికి, నడుస్తున్నప్పుడు నడుము ఎలా కదులుతుందో ఆ ఒంటికే తెలుస్తుంది. మనుషులు చేతులతో పట్టుకుని ఈ అనుభవం ఇప్పించడం చాలా కష్టం. గుర్రం నిమిషానికి వంద అడుగులకు అటూ ఇటూగా వేస్తుంది. ఇరవై నిమిషాలు కూర్చుంటే రెండువేలసార్లు ఆ కదలిక నడుముకు అందుతుంది. అన్నిసార్లూ పిల్లవాడి ఒళ్లు తనంతట తాను సర్దుకోవాలి. ఎద్దుబండిలో కూర్చున్నవాళ్లు ప్రతి కుదుపుకూ తమకు తెలియకుండానే నడుము సర్దుకుంటారే, అలాగే. కాకపోతే గుర్రం నడకలో కుదుపుకు ఒక వరుస ఉంటుంది. తర్వాతి అడుగు ఎప్పుడు పడుతుందో ఒళ్లు ముందే కనిపెట్టి సిద్ధమవుతుంది. వీపు కండరాలు, పొట్ట కండరాలు, మెడ కలిసి పనిచేయడం నేర్చుకునేది అక్కడే.

దీనికి తోడు వెచ్చదనం. గుర్రం ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా, మనకన్నా కాస్త ఎక్కువగా ఉంటుంది. సెరిబ్రల్ పాల్సీలో కొందరు పిల్లలకు తొడల లోపలి కండరాలు బిగుసుకుపోయి కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడుతుంటాయి. అలాంటి పిల్లవాణ్ని జీను లేకుండా, పలచని మెత్త మీద కాళ్లు రెండువైపులా వేసి కూర్చోబెడితే ఆ వెచ్చదనానికీ లయకూ కండరాలు మెల్లగా సడలుతాయి.

ఈ ప్రభావం గుర్రానిదా, కాళ్లు చాపి కూర్చోవడానిదా అనే సందేహం పరిశోధకులకూ వచ్చింది. అమెరికాలో 2003లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న 15 మంది పిల్లలను రెండు గుంపులు చేశారు. కొందరిని ఎనిమిది నిమిషాలు గుర్రం మీద, మిగిలినవాళ్లను ఎనిమిది నిమిషాలు కదలని పీపా మీద కూర్చోబెట్టి, ముందూ వెనకా కండరాల పనితీరును యంత్రంతో కొలిచారు. శరీరానికి కుడిఎడమల మధ్య ఉన్న తేడా గుర్రమెక్కిన పిల్లల్లో తగ్గింది. పీపా ఎక్కినవాళ్లలో అంత మార్పు లేదు. పిల్లలు పదిహేను మందే. నిమిషాలు ఎనిమిదే. ఇంత చిన్న అధ్యయనం మీద పెద్ద మాటలు చెప్పకూడదు. అయినా కదలికే ఇక్కడ మందు అన్న ఊహకు అది బలమిచ్చింది.

పెద్ద అధ్యయనాల దగ్గరికి వచ్చేసరికి కథ రెండుగా చీలుతుంది. ఆస్ట్రేలియాలో 99 మంది సెరిబ్రల్ పాల్సీ పిల్లలతో జరిగిన పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. పది వారాల స్వారీ తర్వాత, స్వారీ చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ శారీరక సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కొరియాలో 92 మంది పిల్లలతో చేసిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. ఎనిమిది వారాలు, వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున గుర్రం మీద చికిత్స పొందిన పిల్లల్లో కూర్చోవడం, నిలబడడం, తూలకుండా ఉండడం, ఇంట్లో వ్యాయామం చేసినవాళ్లకన్నా మెరుగుపడ్డాయి.

ఎందుకింత తేడా? నాకు అర్థమైనంతవరకు ఆ రెండూ ఒకే పని కావు. మొదటిదానిలో ప్రధానంగా జరిగింది స్వారీ. పిల్లలకు గుర్రం నడపడం నేర్పారు. రెండోదానిలో జరిగింది చికిత్స. గుర్రం నడకను థెరపిస్టు ఒక పరికరంగా వాడారు. ఎప్పుడు వేగం పెంచాలి, ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు వంపు తిప్పాలి, పిల్లవాణ్ని ఎప్పుడు వెనక్కి తిప్పి కూర్చోబెట్టాలి అన్నది పిల్లవాడి ఒళ్లు చూసి అప్పటికప్పుడు నిర్ణయించారు. వారానికి ఒకసారా రెండుసార్లా అన్నదీ తేడా తెస్తుంది. మన ఊళ్లలో ఎవరైనా ‘హార్స్ థెరపీ’ అని బోర్డు పెడితే వాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఇక్కడ జరిగేది స్వారీయా, చికిత్సా?

ఈ రంగంలో ఉన్నవాళ్లు మూడు పనులను వేరువేరుగా చూస్తారు. ఫిజియోథెరపిస్టో, ఆక్యుపేషనల్ థెరపిస్టో, స్పీచ్ థెరపిస్టో గుర్రం కదలికను తమ చికిత్సలో భాగంగా వాడితే దాన్ని హిప్పోథెరపీ అంటారు. అందులో పిల్లవాడు గుర్రాన్ని నడపడు, గుర్రమే పిల్లవాడి ఒంటి మీద పని చేస్తుంది. శిక్షణ పొందిన గురువు వైకల్యం ఉన్నవాళ్లకు తగినట్టు స్వారీ నేర్పితే అది రెండోది. గుర్రమెక్కకుండా నేల మీదే ఉండి, గుర్రాన్ని తోమడం, మేపడం, నడిపించడం ద్వారా మనసుకు సంబంధించిన చికిత్సో, బోధనో చేస్తే అది మూడోది. మూడింటికీ ఉపయోగముంది. మొదటిదాని ధర తీసుకుని రెండోది ఇవ్వడమే మోసం.

హిప్పోథెరపీ సక్రమంగా జరిగే చోట కనబడే దృశ్యం ఇలా ఉంటుంది. ఒకరు గుర్రాన్ని పట్టి నడిపిస్తారు. పిల్లవాడికి రెండు పక్కలా ఇద్దరు నడుస్తారు, వాళ్ల చేతులు పిల్లవాడి తొడల దగ్గర ఉంటాయి. థెరపిస్టు వేరే ఉంటారు, లేదా ఆ ఇద్దరిలో ఒకరవుతారు. పిల్లవాడి తలకు హెల్మెట్ ఉంటుంది. ఎక్కడానికి మెట్లో, వాలు దిమ్మో ఉంటుంది. పిల్లవాణ్ని గుర్రానికి తాళ్లతో కట్టడం ఎక్కడా జరగదు. కడితే, గుర్రం పడినప్పుడు పిల్లవాడు దాని కింద పడతాడు. కట్టి కూర్చోబెట్టే చోటు కనబడితే వెంటనే బిడ్డను దింపి తెచ్చుకోండి.

లిజ్ హార్టెల్ పేరు ఈ విషయంలో తరచు వినబడుతుంది. డెన్మార్క్‌కు చెందిన ఈమె 1944లో, గర్భంతో ఉన్నప్పుడు, పోలియో బారిన పడ్డారు. మోకాళ్ల కింద కాళ్లు శాశ్వతంగా చచ్చుబడ్డాయి. గుర్రమెక్కాలన్నా దిగాలన్నా మరొకరు పట్టుకోవాలి. అయినా పట్టుబట్టి సాధన చేసి, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెసాజ్ అనే స్వారీ పోటీలో వెండి పతకం గెలిచారు. ఆ పోటీలో ఆడవాళ్లకు మగవాళ్లతో కలిసి పాల్గొనే అవకాశం దొరికింది ఆ ఏడాదే. బంగారు పతకం గెలిచిన స్వీడన్ సైనికాధికారి హెన్రీ సెంట్ సీర్ ఆమెను పట్టుకుని వేదిక మీదికి ఎక్కించాడు. 1956లో ఆమె మళ్లీ వెండి పతకమే సాధించారు. ఐరోపాలో వైకల్యం ఉన్నవాళ్లకు స్వారీ నేర్పాలన్న ఆలోచన ఆమె విజయంతో ఊపందుకుంది. 1969లో బ్రిటన్‌లో ఒకటి, అమెరికాలో ఒకటి, ఇందుకోసమే జాతీయ సంస్థలు పుట్టాయి. ఆమె కథను ‘గుర్రం పోలియోను నయం చేసింది’ అని చెప్పేవాళ్లున్నారు. అది తప్పు. ఆమె కాళ్లు చివరివరకూ అలాగే ఉన్నాయి. జబ్బు రాకముందే ఆమె మంచి రౌతు. ఉన్న ఒంటితో ఎంత దూరం వెళ్లవచ్చో చూపించడమే ఆమె చేసిన పని, ఆ పనికి గుర్రం తోడయింది. తల్లిదండ్రులు ఆశ పెట్టుకోవాల్సింది ఇంతవరకే. ఇది కూడా తక్కువేమీ కాదు.

మనసు సంగతి

శరీరం సంగతి కొలవడం తేలిక. మనసుకు వచ్చేసరికి జాగ్రత్తగా మాట్లాడాలి.

గడ్డి తిని బతికే, వేటకు గురయ్యే జంతువు గుర్రం. ప్రమాదాన్ని అందరికన్నా ముందు పసిగట్టడమే దాని ప్రాణరక్షణ. ముక్కు ముందూ తోక వెనకా కొద్దిమేర తప్ప దాదాపు చుట్టూ ఉన్నదంతా దానికి కనబడుతుంది. రెండు చెవులనూ వేరువేరు వైపులకు తిప్పగలదు. మనిషి భుజం బిగుసుకున్నా, ఊపిరి ఆగినా, అడుగు తడబడినా దానికి అందుతుంది.

దీనికి మంచి సాక్ష్యం ఒక పాత కథలో ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే రిటైరైన బడిపంతులు దగ్గర హాన్స్ అనే గుర్రం ఉండేది. లెక్క అడిగితే ముందు గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. ఏడూ అయిదూ ఎంత అంటే పన్నెండుసార్లు తట్టి ఆగేది. యజమాని మోసగాడు కాడు, ప్రదర్శనకు డబ్బు తీసుకునేవాడు కాడు. ఆస్కర్ ఫంగ్స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాన్ని ఓపిగ్గా పరీక్షించి 1907లో అసలు సంగతి బయటపెట్టాడు. అడిగే మనిషికే జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలియదు. అడిగే మనిషి కనబడకుండా తెర కడితే హాన్స్ తప్పు చెబుతుంది. సరైన అంకె దగ్గరపడగానే అడిగినవాళ్లు తెలియకుండానే తలను వెంట్రుకవాసి కదిలిస్తున్నారు, ఊపిరి వదులుతున్నారు. హాన్స్ చదువుతున్నది ఆ కదలికను. ఈ రహస్యం తెలిశాక కూడా తన తల కదలికను తాను ఆపుకోలేకపోయానని ఫంగ్స్ట్ గమనించాడు. ఆ గుర్రానికి లెక్కలు రావని తేలినందుకు అప్పట్లో చాలామంది నిరాశపడ్డారు. నాకైతే లెక్కలకన్నా ఈ శక్తే గొప్పగా తోస్తుంది.

ఇటీవలి పరిశోధన కూడా దీన్ని బలపరుస్తోంది. బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో 28 గుర్రాలకు మనుషుల ఫోటోలు చూపించారు. కోపంతో ఉన్న ముఖం చూసినప్పుడు గుర్రాలు ఎడమకంటితో చూడడానికి మొగ్గాయి, గుండె వేగం త్వరగా పెరిగింది. నవ్వు ముఖానికి అలా జరగలేదు.

ఆందోళనతో ఉన్న పిల్లవాడు గుర్రం దగ్గరికి వెళ్తే గుర్రం తల ఎత్తి పక్కకు జరుగుతుంది. పిల్లవాడు నిదానించి ఊపిరి తీసుకుంటే గుర్రం తల దించుతుంది. తిట్టడం, పొగడడం, మార్కులు వేయడం లేవు. తాను మారితే ఎదుటి ప్రాణి మారుతుందని పిల్లవాడు కళ్లారా చూస్తాడు. ముఖాలను చదవడం కష్టమైన పిల్లలకు ఇంత పెద్ద ఒంటితో, ఇంత స్పష్టంగా, ఇంత త్వరగా జవాబిచ్చే నేస్తం దొరకడం అరుదు.

ఆటిజంపై చెప్పుకోదగ్గ పరీక్ష అమెరికాలోని కొలరాడోలో జరిగింది. 6 నుంచి 16 ఏళ్ల మధ్య వయసున్న 127 మంది పిల్లలను చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపు పది వారాలు స్వారీ చేసింది. రెండో గుంపు అదే లాయంలో, అంతే సమయం, గుర్రాల గురించే నేర్చుకుంది, కాని బతికున్న గుర్రాన్ని తాకలేదు. ఫలితాలు 2015లో వచ్చాయి. స్వారీ చేసిన పిల్లల్లో చిరాకూ, ఒకచోట నిలవలేని తనమూ తగ్గాయి, నలుగురితో కలవడమూ, మాట్లాడే మాటల సంఖ్యా పెరిగాయి. ఆటిజం పోయిందని ఆ పరిశోధకులు ఎక్కడా అనలేదు. చిరాకు తగ్గిన పిల్లవాడు మిగతా చికిత్సలను బాగా అందుకుంటాడు. ఇంట్లో తల్లి ఒక పూట ప్రశాంతంగా అన్నం తింటుంది. ఆ మేలును చిన్నదనడానికి నాకు మనసొప్పదు.

యుద్ధం చూసి వచ్చిన సైనికుల మానసిక గాయాల మీద కొలంబియా విశ్వవిద్యాలయం చేసిన పని 2021లో ప్రచురితమైంది. 63 మంది మాజీ సైనికులు వారానికి గంటన్నర చొప్పున ఎనిమిది వారాలు గుర్రాలతో గడిపారు, ఎవరూ స్వారీ చేయలేదు. చాలామందిలో లక్షణాలు తగ్గాయి. పోల్చి చూడడానికి రెండో గుంపు లేదు కాబట్టి ఆ మేలులో గుర్రానిది ఎంత, తోటి సైనికుల సాంగత్యానిది ఎంత అనేది తేలదు. మానసిక చికిత్సలో గుర్రాల వాడకంపై అప్పటివరకు వచ్చిన 14 అధ్యయనాలను 2014లో ఒకచోట పెట్టి చూసిన పరిశోధకులు, వాటి పద్ధతుల్లో లోపాలున్నాయని, వాటిని బట్టి ఈ చికిత్సను సిఫారసు చేయలేమని గట్టిగానే చెప్పారు. ఈ మాటను బోర్డుల మీద ఎవరూ రాయరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

సూరత్‌లాంటి చోట పెరిగే తెలుగు బిడ్డ విషయంలో ఇంకొకటి గమనించాలి. ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, బడిలో హిందీయో ఇంగ్లిషో. మాట ఆలస్యమైన పిల్లవాడికి థెరపిస్టు ఏ భాషలో మాట్లాడాలన్నది పెద్ద చిక్కు. గుర్రం దగ్గర ఆ చిక్కు కొంత సడలుతుంది, దానికి ఒళ్లే భాష. మంచి థెరపిస్టు గుర్రాన్ని ఆపి, పిల్లవాడు ఏదో ఒక శబ్దం చేసేదాకా ఎదురుచూస్తారు. పిల్లవాడు ‘పద’ అంటే గుర్రం కదులుతుంది. ‘చల్’ అన్నా కదులుతుంది. ‘ప’ అని నోరు తెరిచినా, చేత్తో మెడ తట్టినా మొదట్లో కదులుతుంది. నోరు తెరిస్తే లోకం కదులుతుందని తెలియడమే మాటకు మొదటి మెట్టు. కాబట్టి ఇంట్లో బిడ్డ ఏ మాటలు వాడతాడో, ఏ శబ్దాలు చేస్తాడో తెలుగులోనే ఒక కాగితం మీద రాసుకెళ్లి, పక్కన నడిచేవాళ్లకు చెప్పండి. భాష మార్చమని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఒప్పుకోకండి.

ఏ గుర్రం, ఎవరి చేతిలో

గుజరాత్ గుర్రమంటే కాఠియావాడీ. చెవులు రెండూ లోపలికి వంగి కొసలు తాకుతుంటాయి, చూడగానే గుర్తుపట్టవచ్చు. సౌరాష్ట్ర ఎండకు తట్టుకునే జాతి, తెలివైనది, మనిషికి మాలిమి అయ్యేది, కాని ఉడుకు రక్తం. ఒళ్లు సన్నగా ఉంటుంది కాబట్టి తొడలు బిగుసుకున్న పిల్లలు కాళ్లు మరీ ఎడంగా చాపనక్కర్లేదు. ఒక చిక్కు మాత్రం ఉంది. ఈ జాతిలో అక్కడివాళ్లు మెచ్చుకునేది ‘రేవాల్’ అనే నడక. ఆ నడకలో పైనున్నవాడి ఒళ్లు కదలనంత నునుపుగా గుర్రం సాగిపోతుంది. చికిత్సకు కావాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. కుడిఎడమల సమానమైన, నిదానమైన మామూలు నడక కావాలి, ఒళ్లు ఊగాలి. రేవాల్‌కు పేరుపడ్డ ఖరీదైన గుర్రం ఈ పనికి పనికిరాకపోవచ్చు, ఎవరూ కొనని సాదా గుర్రం పనికిరావచ్చు.

మనవాళ్లు గుర్రాన్ని ఎంచడంలో సిద్ధహస్తులే. మనుమంచి భట్టు తెలుగులో ‘హయలక్షణ విలాసము’ అనే అశ్వశాస్త్ర గ్రంథమే రాశాడు. ఆ సంప్రదాయంలో గుర్రం ఒంటి మీది సుడులు, రంగు, మచ్చలు చూసి శుభాశుభాలు చెప్పేవాళ్లు. ఇప్పటికీ గుర్రాలు కొనేవాళ్లు సుడి చూస్తారు. చికిత్సకు గుర్రాన్ని ఎంచేవాళ్లు మాత్రం వేరేవి చూడాలి. పిల్లవాడు ఉన్నట్టుండి కేక వేస్తే అది ఏం చేస్తుంది? జూలు గుప్పిట్లో పట్టి లాగితే? చక్రాల కుర్చీ పక్కకు వస్తే? నాలుగు కాళ్లలో ఏదైనా కుంటుతోందా? ఇవి సుడుల్లో కనబడవు, నెలల తరబడి మాలిమి చేసి చూస్తేనే తెలుస్తాయి.

పెళ్లి గుర్రం గురించి సూటిగా చెప్పాలి. బ్యాండు, టపాసులు, డీజే మోతల మధ్య అర్ధరాత్రి దాకా నిలబడిన గుర్రం పొద్దున్నే చికిత్సకు వస్తే అది అలసిన ప్రాణి. శబ్దానికి బెదరకుండా నిలబడింది కాబట్టి శాంతమైన గుర్రం అనుకోవడం పొరపాటు. భయంతో కొయ్యబారిన గుర్రం కూడా కదలకుండానే నిలబడుతుంది. చెవులు వెనక్కి అతుక్కోవడం, తోకను పదేపదే కొట్టడం, జీను బిగించేటప్పుడు కొరకబోవడం, కళ్లలో తెల్లగుడ్డు కనబడడం — ఇవి అది చెబుతున్న మాటలు. అవి కనబడిన రోజు బిడ్డను ఎక్కించకండి.

గుర్రం బాగోగులు బిడ్డ భద్రతలో భాగమే. జీనుతో సహా మొత్తం బరువు గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదని రౌతులు ఒక లెక్క పాటిస్తారు. 350 కిలోల గుర్రానికి అది 70 కిలోలు. పిల్లవాడి వెనక థెరపిస్టు కూడా ఎక్కి కూర్చునే పద్ధతి ఈ లెక్కను సులువుగా దాటేస్తుంది. సూరత్‌లో ఎండతో పాటు సముద్రపు ఉక్కపోత ఉంటుంది, చెమట ఆరదు. తెల్లవారుజామున తప్ప పని చేయించకూడదు. గిట్టలు ఆరేడు వారాలకోసారి చెక్కించాలి, అవసరమైతే లాడాలు మార్చాలి. గుర్రాలకు గ్లాండర్స్ అనే బ్యాక్టీరియా జబ్బు వస్తుంది, మనుషులకూ సోకుతుంది, ప్రాణాంతకం. మన దేశంలో 2006లో అది మళ్లీ తలెత్తింది, గుజరాత్‌లోనూ కేసులు బయటపడ్డాయి. గుర్రాల రక్త పరీక్షలకు హర్యానాలోని హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. మీరు వెళ్లే చోట గుర్రాలకు గ్లాండర్స్ పరీక్ష ఎప్పుడు జరిగిందో కాగితం చూపించమని అడగండి. బిడ్డకు ధనుర్వాతం టీకా వేయించే ఉండాలి, లాయం నేలలో ఆ క్రిములుంటాయి.

కొందరు పిల్లలను అసలు ఎక్కించకూడదు, కొందరిని పరీక్షలయ్యాకే ఎక్కించాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ పైభాగంలోని మొదటి రెండు ఎముకల మధ్య పట్టు సడలి ఉంటుంది, కుదుపుకు వెన్నుపాము నలిగే ప్రమాదముంది. డాక్టరు మెడ పరీక్షించి సరేననాలి. సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో తుంటి కీలు జారి ఉండవచ్చు, ఎక్స్‌రే కావాలి. అదుపులో లేని మూర్ఛ, వెన్ను బాగా వంకర తిరగడం, ఎముకల పెళుసుతనం, కూర్చునే చోట పుండ్లు, గుర్రపు వెంట్రుకకు ఉబ్బసం వచ్చే తత్వం ఉంటే కుదరదు. సాధారణంగా రెండేళ్లు నిండకముందు మొదలుపెట్టరు. ఇవేవీ అడగకుండానే బిడ్డను ఎత్తి గుర్రం మీద పెట్టే మనిషి థెరపిస్టు కాడు.

మరి థెరపిస్టు ఎవరు? ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ చదివినవాళ్లను 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం ఒక వ్యవస్థ కిందికి తెచ్చింది. క్లినికల్ సైకాలజిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. గుర్రాల గురించి బాగా తెలిసినా ఈ చదువు లేనివాళ్లు స్వారీ నేర్పవచ్చు, చికిత్స చేయకూడదు. ఈ చదువున్నా గుర్రాల గురించి తెలియనివాళ్లూ ఒంటరిగా చేయకూడదు. రెండు జ్ఞానాలూ ఒకే చోట, ఒకే సమయంలో ఉండాలి. నమోదు సంఖ్య అడగడానికి మొహమాటపడకండి.

ఖర్చు దగ్గర మగ్గం కార్మికుడి కుటుంబం ఆగిపోతుంది. ఒక గుర్రానికి ఏడాది పొడవునా దాణా, వైద్యం, లాయం కావాలి. ఒక్కో బిడ్డకు ముగ్గురు నలుగురు మనుషులు కావాలి. అందుకే ఇది ఎక్కడైనా ఖరీదే. గుర్రం దొరకలేదని ఏ తల్లీ కుమిలిపోనక్కర్లేదు. గుర్రం నడుముకు ఇచ్చేదాన్ని పెద్ద వ్యాయామ బంతితో, ఊయలతో, నిదానంగా కదిలే పలకతో థెరపిస్టులు కొంతవరకు ఇవ్వగలరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి, గుజరాత్‌లో ఉన్నా మన రాష్ట్రాల్లో ఉన్నా అక్కడ సేవలు ఉచితం. తెలుగు రాష్ట్రాల్లో మండలాల్లోని భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ చేయిస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి మానసిక వికలాంగుల జాతీయ సంస్థ పనిచేస్తోంది. ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ. సెలవులకు ఊరికి వచ్చినప్పుడు బిడ్డను అక్కడ ఒకసారి చూపించి, ఇంట్లో చేయాల్సినవి తెలుగులోనే నేర్చుకుని వెళ్లవచ్చు. నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ బీమా ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం ఉన్నవాళ్ల చికిత్సకు లక్ష రూపాయల వరకు ఆదుకుంటుంది. వారంవారం చేసే ఫిజియోథెరపీ మానేసి ఆ డబ్బుతో గుర్రం దగ్గరికి వెళ్లడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయవద్దు. గుర్రం దానికి తోడుగా రావాలి, దాని స్థానంలోకి రాకూడదు.

ఖర్చు తగ్గే మార్గం ఒకటి నాకు కనబడుతోంది. ప్రభుత్వం దగ్గర ఇప్పటికే గుర్రాలున్నాయి. హైదరాబాద్ పోలీసులకు అశ్వదళం ఉంది. జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ అధికారులకు స్వారీ నేర్పే గుర్రాలున్నాయి. తిరుపతిలో ఎన్‌సీసీ అశ్వదళం ఉంది, అదే ఊళ్లో పశువైద్య కళాశాల ఉంది, స్విమ్స్ వైద్య సంస్థ ఉంది. గుజరాత్ పోలీసులకూ అశ్వదళముంది. ఈ లాయాల్లో పరుగు పనికి వయసు మీరిన, నిదానపడ్డ గుర్రాలు ఉంటాయి. వాటిలో తగినవాటిని పశువైద్యులు ఎంచి, ఫిజియోథెరపీ కళాశాలల వాళ్లు చికిత్స చూసుకుని, ఎన్‌సీసీ పిల్లలు పక్కన నడిస్తే, వారానికి రెండు తెల్లవారుజాములు పేద పిల్లలకు దొరుకుతాయి. కొత్త భవనం అక్కర్లేదు, కొత్త గుర్రం అక్కర్లేదు. తిరుపతిలోగాని హైదరాబాద్‌లోగాని ఒక్కచోట ఏడాదిపాటు లెక్కలు రాసుకుంటూ నడిపితే, ఈ పద్ధతి మన పిల్లలకు ఎంత ఉపయోగపడుతుందో మన దగ్గరి అంకెలతోనే తెలుస్తుంది. ఈ పని చేయగల అధికారులూ, అధ్యాపకులూ ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలో ఉంటే, దయచేసి మొదలుపెట్టండి.